అమెరికా పౌరసత్వ పరీక్ష: ప్రశ్నలు 128, తికమకంతా ఢిల్లీ అలవాటుతోనే

క్లుప్తంగా: 2025 అక్టోబర్ 20న గానీ, ఆ తర్వాత గానీ ఎన్-400 (పౌరసత్వం కోరే ఫారం) దరఖాస్తు పెట్టినవారికి అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూలో కొత్త సివిక్స్ (దేశ చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థ) పరీక్ష ఉంటుంది. ప్రశ్నల జాబితా 100 నుంచి 128కి పెరిగింది. అడిగేవి 20 వరకు, సరిగా చెప్పాల్సినవి 12. సంఖ్యల కన్నా పెద్ద మార్పు ప్రశ్నల తీరులో ఉంది: ‘ఎవరు’, ‘ఎంతమంది’తో పాటు ‘ఎందుకు’ అనేవి ఎక్కువయ్యాయి. పార్లమెంటు పద్ధతికి అలవాటుపడిన మనవాళ్లు తడబడేది అక్కడే. అమెరికా రాజ్యాంగం అధికారాన్ని కావాలనే ముక్కలు చేసింది. ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో, ఎందుకుందో తెలిస్తే జాబితాలో సగానికి పైగా ప్రశ్నలకు బట్టీ అక్కర్లేదు.

మారిందేమిటి, ఎవరికి

పౌరసత్వం కోరేవారికి ఇంగ్లీషు మాట్లాడటం రావాలన్న షరతు 1906 నాటి చట్టంతో వచ్చింది. దేశ చరిత్ర, ప్రభుత్వ స్వరూపం తెలిసి ఉండాలన్న షరతు 1950లో చేరింది. చాలాకాలం పరీక్ష అధికారిని బట్టి ఉండేది. ఒకరికి సులువు, మరొకరికి కఠినం. ఆ తేడా పోగొట్టేందుకే 2008లో 100 ప్రశ్నల జాబితాను అందరికీ ఒకేలా అమల్లోకి తెచ్చారు. అందులోంచి 10 అడిగేవారు, 6 చెబితే చాలు.

2020 డిసెంబరులో, ట్రంప్ మొదటి హయాం చివర్లో, దీన్ని 128 ప్రశ్నలకు పెంచారు. మూడు నెలలు తిరిగేసరికి బైడెన్ ప్రభుత్వం పాత పరీక్షనే తిరిగి తెచ్చింది. ట్రంప్ రెండోసారి వచ్చాక 2025లో ఆ 128 ప్రశ్నల పరీక్షే స్వల్ప మార్పులతో మళ్లీ వచ్చింది. 2020 పద్ధతిలో 12 సరిగా చెప్పినా అధికారి మిగతావి కూడా అడిగి 20 పూర్తిచేయాల్సి వచ్చేది. ఇప్పుడు 12 సరైన జవాబులు వచ్చిన వెంటనే ఆపేస్తారు. తప్పులు 9కి చేరినా అక్కడితో ఆపేస్తారు.

2025 అక్టోబర్ 20 కన్నా ముందే దరఖాస్తు పెట్టినవారికి ఇంటర్వ్యూ ఎప్పుడు జరిగినా పాత 100 ప్రశ్నల పరీక్షే. లెక్కలోకి వచ్చేది దరఖాస్తు తేదీ, ఇంటర్వ్యూ తేదీ కాదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్లే.

ఇంగ్లీషు భాగం మారలేదు. మూడు వాక్యాలు చూపిస్తే ఒకటి సరిగా చదవాలి, మూడు చెబితే ఒకటి సరిగా రాయాలి. మాట్లాడే సామర్థ్యాన్ని ఇంటర్వ్యూ సంభాషణలోనే చూస్తారు. ఏదైనా భాగంలో తప్పితే 60 నుంచి 90 రోజుల్లోపు ఆ భాగానికే రెండో అవకాశం ఇస్తారు.

20 ప్రశ్నలు ఎవరికి లాభం, ఎవరికి నష్టం

పాత పరీక్షలో 10కి 6, కొత్త దాంట్లో 20కి 12. రెండూ 60 శాతమే కదా, తేడా ఏముందన్న ప్రశ్న సహజం. తేడా అదృష్టం పాలులో ఉంది. జాబితాలో సరిగ్గా సగం వచ్చిన అభ్యర్థిని తీసుకుందాం. పది ప్రశ్నల పరీక్షలో తెలిసినవే తగిలి గట్టెక్కే అవకాశం సుమారు 38 శాతం. ఇరవై ప్రశ్నల పరీక్షలో అది 25 శాతానికి పడిపోతుంది. అదే 80 శాతం వచ్చినవారికి పాత పద్ధతిలో గట్టెక్కే అవకాశం 97 శాతం ఉంటే, కొత్త పద్ధతిలో 99 శాతం. అంటే ప్రశ్నలు పెరిగేకొద్దీ బాగా చదివినవారికి భద్రత, అరకొరగా వెళ్లినవారికి ముప్పు. ‘పరీక్ష కఠినమైంది’ అనే మాట రెండో వర్గానికే పూర్తిగా వర్తిస్తుంది.

ప్రశ్నలు కూడా కాస్త బరువెక్కాయి. పాత జాబితా తొలి 13 రాష్ట్రాల్లో మూడింటి పేర్లు అడిగితే, కొత్తది ఐదు అడుగుతుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జీవితాంతం ఎందుకు కొనసాగుతారు, ప్రతినిధుల సభ సభ్యుల పదవీకాలం సెనేటర్ల కన్నా ఎందుకు తక్కువ, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి సెనేటర్లు ఎందుకు అన్నవి ఇప్పుడు జాబితాలో ఉన్నాయి. వీటికి ఒక్క ముక్క జవాబులే ఉన్నా, వ్యవస్థ అర్థమైతేనే అవి గుర్తుంటాయి.

ప్రభుత్వం పడిపోని దేశం

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో ఒక్క ఓటు తేడాతో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది. అలాంటి ఘటన అమెరికాలో జరగడానికి వీల్లేదు. అధ్యక్షుడి పదవి కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అమెరికా పార్లమెంటు) మెజారిటీ మీద ఆధారపడి లేదు. రెండు సభలూ ప్రతిపక్షం చేతిలో ఉన్నా నాలుగేళ్లూ ఆయన అధ్యక్షుడే. అవిశ్వాస తీర్మానం అన్నదే లేదు. తొలగించాలంటే అభిశంసన ఒక్కటే దారి: ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభియోగం మోపాలి, సెనేట్ విచారించి మూడింట రెండొంతుల ఓట్లతో దోషిగా తేల్చాలి. ఆండ్రూ జాన్సన్, బిల్ క్లింటన్, రెండుసార్లు డొనాల్డ్ ట్రంప్ అభియోగం దాకా వెళ్లారు. సెనేట్ ఎవరినీ తొలగించలేదు.

మన దగ్గర మంత్రి కావాలంటే ఆరు నెలల్లోగా ఎంపీ కావాలి. అక్కడ సరిగ్గా తలకిందులు: కాంగ్రెస్ సభ్యుడు మంత్రివర్గంలో ఉండకూడదు. 2025 జనవరిలో విదేశాంగ మంత్రి పదవి చేపట్టేందుకు మార్కో రూబియో సెనేట్ సభ్యత్వాన్ని వదులుకున్నది అందుకే. చట్టం చేసేవారు, అమలు చేసేవారు వేర్వేరు మనుషులై ఉండాలన్నది 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారి పట్టుదల. బ్రిటిష్ రాజు మీద తిరగబడి వచ్చిన తరం అది. అధికారం ఒక్కచోట పోగుపడితే ఏమవుతుందో వారికి స్వానుభవం.

కాబట్టి ‘ఒక శాఖ మరీ బలపడకుండా ఆపేదేమిటి’ అన్న ప్రశ్నకు పుస్తకం జవాబు పరస్పర నియంత్రణ, అధికార విభజన అయినా, దాని పనితీరు ఇలా ఉంటుంది: బిల్లును రెండు సభలూ ఆమోదించాలి. అధ్యక్షుడు వీటో చేయవచ్చు. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది పట్టుబడితే వీటో చెల్లదు. చట్టమయ్యాక కూడా కోర్టు కొట్టేయవచ్చు. న్యాయమూర్తులను నియమించేది అధ్యక్షుడు, ఆమోదించేది సెనేట్. ఎవరి చేతిలోనూ పని మొదటి నుంచి చివరి దాకా ఉండదు.

ఈ ఏర్పాటుకు మూల్యం కూడా ఉంది. మన దగ్గర బడ్జెట్ నెగ్గకపోతే ప్రభుత్వం దిగిపోతుంది, కొత్తది వస్తుంది, ఖజానా ఆగదు. అమెరికాలో నిధుల బిల్లు ఆగితే అధ్యక్షుడూ దిగడు, కాంగ్రెసూ రద్దవదు. మధ్యలో కార్యాలయాలు మూతపడతాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు సాగిన షట్‌డౌన్ అలాంటిదే. లక్షలాది ఫెడరల్ ఉద్యోగుల జీతాలు ఆగాయి. పౌరసత్వ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ మాత్రం ప్రధానంగా దరఖాస్తుదారులు కట్టే ఫీజులతో నడుస్తుంది గనుక దాని పని చాలావరకు సాగిపోయింది.

స్పీకర్ పాత్ర కూడా వేరే. లోక్‌సభ స్పీకర్ కుర్చీ ఎక్కాక పార్టీకి అతీతంగా ఉండాలన్నది, కనీసం సంప్రదాయంగా, మన ఆశింపు. అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ బాహాటంగా మెజారిటీ పార్టీ నాయకుడు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండూ ఖాళీ అయితే తర్వాత వరుసలో ఉండేదీ ఆయనే. పరీక్షలో స్పీకర్ పేరు కూడా అడుగుతారు. అధ్యక్షుడు, స్పీకర్, ప్రధాన న్యాయమూర్తి, సొంత రాష్ట్ర గవర్నర్, సెనేటర్ పేర్లను ఇంటర్వ్యూ రోజు నాటికి ఎవరున్నారో చూసుకుని వెళ్లాలి. పాత వీడియోల్లో నేర్చుకున్న పేర్లు చెల్లవు.

రాష్ట్రాన్ని విడదీయాలంటే

సమాఖ్య అన్న ఒకే పేరు కింద రెండు దేశాలు ఎంత భిన్నంగా ఉన్నాయో తెలుగువారికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఉభయసభలూ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. భారత రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తీసుకోవాలి, అంతే. అది ‘వద్దు’ అన్నా పార్లమెంటును కట్టడి చేయదు.

అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం దీనికి పూర్తి విరుద్ధం. ఒక రాష్ట్రంలోంచి మరో రాష్ట్రాన్ని ఏర్పాటు చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి, కాంగ్రెస్ కూడా ఒప్పుకోవాలి. 1820లో మసాచుసెట్స్ సమ్మతితో మెయిన్ రాష్ట్రం విడిపోయింది. 1863లో వెస్ట్ వర్జీనియా ఏర్పడినప్పుడు పరిస్థితి చిత్రమైనది. వర్జీనియా అప్పటికి సమాఖ్య నుంచి తిరుగుబాటు చేసి ఉంది. యూనియన్‌కు విధేయులైనవారు వీలింగ్ పట్టణంలో ఏర్పరచుకున్న ప్రభుత్వం ‘వర్జీనియా తరఫున’ సమ్మతి ఇచ్చింది. అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో సైతం ఆ సమ్మతి పత్రం లేకుండా పని జరగలేదు.

కారణం చరిత్ర క్రమంలో ఉంది. అమెరికాలో ముందు రాష్ట్రాలు, తర్వాత కేంద్రం. 13 రాష్ట్రాలు తమ చేతిలోని అధికారాల్లో కొన్నింటిని లెక్కపెట్టి కేంద్రానికి ఇచ్చాయి. ఇవ్వనివన్నీ రాష్ట్రాలవి లేదా ప్రజలవి అని 1791లో పదో సవరణ తేల్చింది. పరీక్ష జాబితాలో ఈ సవరణ ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న ఉంది. మన రాజ్యాంగం మాత్రం దేశ విభజన రక్తపాతం మధ్య తయారైంది. బలమైన కేంద్రం లేకపోతే దేశం నిలవదన్న భయంతో, ఏ జాబితాలోనూ లేని అవశిష్ట అధికారాలను 248వ అధికరణం పార్లమెంటుకే కట్టబెట్టింది.

దీని ప్రభావం రోజువారీ జీవితంలో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో నేరమైనా, పట్నాలో నేరమైనా ఒకటే శిక్షాస్మృతి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత క్రిమినల్ చట్టం. ఒకచోట మరణశిక్ష ఉంటుంది, పక్క రాష్ట్రంలో ఉండదు. డల్లాస్ నుంచి ఎడిసన్‌కు ఉద్యోగం మారిన కుటుంబం కొత్త డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలి. టెక్సస్‌లో లేని రాష్ట్ర ఆదాయపు పన్ను న్యూజెర్సీలో కట్టాలి. పిల్లల బడి సిలబస్ కూడా మారిపోతుంది. ‘రాష్ట్రాలకు మాత్రమే ఉన్న అధికారం ఒకటి చెప్పండి’ అన్న ప్రశ్నకు బడి చదువులు, పోలీసు, అగ్నిమాపక సేవలు, డ్రైవింగ్ లైసెన్సులు, భూ వినియోగ నిబంధనలు ఆమోదిత జవాబులు. లైసెన్సు కోసం డీఎంవీ (వాహనాల శాఖ కార్యాలయం)లో క్యూ కట్టినవారికి ఈ ప్రశ్నకు జవాబు జేబులోనే ఉంది.

గవర్నర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు, అసలు పాలన ముఖ్యమంత్రిది. అమెరికాలో గవర్నర్ నేరుగా ప్రజలు ఎన్నుకునే పాలకుడు. మన ముఖ్యమంత్రికి సరిజోడు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నారు. అదే నగరంలో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి ఎన్నికయ్యారు. వీరు గవర్నర్లు, సెనేటర్లు, కేంద్ర మంత్రులు కావచ్చు. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు మాత్రం కాలేరు. ఆ రెండు పదవులకు పుట్టుకతోనే పౌరులై ఉండాలి. ప్రమాణం చేసి పౌరులైనవారికి రాజ్యాంగం మూసి ఉంచిన ప్రధానమైన తలుపు ఇదొక్కటే.

ఇద్దరేసి సెనేటర్లు, 538 ఓట్లు

రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు 1 స్థానాలు. జనాభా లెక్క. అమెరికా సెనేట్‌లో 2020 జనగణన ప్రకారం 3.95 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, 5.77 లక్షలున్న వయోమింగ్‌కూ ఇద్దరే. మన కళ్లకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. కాకపోతే 1787లో చిన్న రాష్ట్రాలు ఈ హామీ లేనిదే సంతకం చేసేవి కావు. పెద్ద రాష్ట్రాలు జనాభా ప్రాతిపదికన ఒక సభ, చిన్నవి సమానత్వ ప్రాతిపదికన ఇంకో సభ దక్కించుకున్నాయి. పరీక్షలో ‘ఇద్దరేసి ఎందుకు’ అన్న ప్రశ్నకు చిన్న రాష్ట్రాలకు సమాన ప్రాతినిధ్యం అని చెప్పినా, కనెక్టికట్ రాజీ అని చెప్పినా సరే.

ప్రతినిధుల సభ 435 మందిది, రెండేళ్ల పదవి. ప్రజాభిప్రాయాన్ని దగ్గరగా అనుసరించాలనే ఆ చిన్న గడువు. సెనేట్ 100 మందిది, ఆరేళ్ల పదవి, రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నిక. పైగా సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే చాలా బిల్లులకు 60 మంది మద్దతు కావాలి. ఇది రాజ్యాంగంలో లేదు, సభ సొంత నిబంధన. 51 మంది ఉన్న పార్టీ కూడా తన బిల్లును గట్టెక్కించుకోలేకపోవడానికి కారణం ఇదే. గ్రీన్ కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితిని తొలగించాలన్న ప్రతిపాదనలు ఏళ్ల తరబడి ఒక సభలో కదిలి మరో సభలో ఆగిపోవడం వెనకా ఈ రెండు సభల నిర్మాణం ఉంది.

అధ్యక్ష ఎన్నికలోనూ ఇదే లెక్క. 435 మంది ప్రతినిధులు, 100 మంది సెనేటర్లు, రాజధాని వాషింగ్టన్ డీసీకి 3 కలిపి 538 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుడిని తేల్చే రాష్ట్రాల వారీ ఓట్లు), గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతాచోట్ల రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వారివే. దేశమంతా కలిపి ఎక్కువ ఓట్లు వచ్చినవారు 2000లో, 2016లో ఓడిపోయింది ఇందువల్లే.

ఈ ఎన్నికలను నడిపే ఒక ఎన్నికల సంఘం అంటూ లేదు. ఓటరు నమోదు, బ్యాలెట్ రూపం, లెక్కింపు, ఫలితం ధ్రువీకరణ అన్నీ రాష్ట్రాలవే. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ చూసేది ప్రచార నిధుల వ్యవహారం మాత్రమే. నార్త్ డకోటాలో అసలు ఓటరు నమోదే అక్కర్లేదు. ఎన్నికల రాత్రి ‘గెలుపు’ ప్రకటించేది వార్తా సంస్థలు, అధికారిక ముద్ర పడేది వారాల తర్వాత. కౌంటింగ్ రోజు మధ్యాహ్నానికల్లా ప్రమాణ స్వీకార ముహూర్తం మాట్లాడుకునే మనకు ఇది నత్తనడకే.

కోర్టు, సవరణలు

సుప్రీంకోర్టులో 9 మంది. మన న్యాయమూర్తులు 65 ఏళ్లకు దిగిపోతారు, అక్కడ జీవితకాలం. మళ్లీ పదవి కోసం ఎవరి దయా అక్కర్లేకుండా ఉండాలన్నది ఉద్దేశం. దాని దుష్ఫలితం, ఒక్కో నియామకం పాతికేళ్ల రాజకీయ పందెంగా మారడం. క్లారెన్స్ థామస్ 1991 నుంచి అదే పీఠం మీద ఉన్నారు.

సవరణల లెక్క ఇంకా తేటగా ఉంటుంది. 1950 నుంచి 2023 వరకు భారత రాజ్యాంగానికి 106 సవరణలు జరిగాయి. 1789 నుంచి అమెరికా రాజ్యాంగానికి 27. అందులో మొదటి పది ఒకేసారి వచ్చిన హక్కుల పట్టిక. చివరిది 1992లో ఖాయమైంది, దాన్ని ప్రతిపాదించింది మాత్రం 1789లో. రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపై 50 రాష్ట్రాల్లో 38 ఆమోదించాలి. 13 రాష్ట్రాలు మౌనంగా కూర్చుంటే సవరణ ఆగిపోతుంది. మన దగ్గర చాలా సవరణలకు పార్లమెంటు ఒక్కటే చాలు, కొన్నింటికే సగం రాష్ట్రాలు కావాలి.

అందుకే అక్కడ రాజ్యాంగాన్ని మార్చడం కన్నా కొత్త అర్థం చెప్పించే పోరు కోర్టుల్లో ఎక్కువ. అమెరికా గడ్డ మీద పుట్టినవారికి పౌరసత్వం అని 1868 నాటి 14వ సవరణ చెబుతుంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు ఇది వర్తించదంటూ 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు వెంటనే కోర్టులకెక్కింది. హెచ్-1బీ మీద ఉన్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది పాఠ్యపుస్తకం ప్రశ్న కాదు.

అమ్మానాన్నల విషయంలో అసలు చిక్కు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ పరీక్ష పెద్ద అడ్డంకి కాదు. చిక్కంతా పిల్లలు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రులకు. వయసు మళ్లితే పరీక్ష తెలుగులో రాసుకోవచ్చన్న నమ్మకం బాగా పాకిపోయింది. అది సగమే నిజం. మినహాయింపులు వయసుతో పాటు గ్రీన్ కార్డు మీద గడిపిన ఏళ్లకు కూడా ముడిపడి ఉన్నాయి. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి, 55 దాటి 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేదు. దుబాసీ సాయంతో సివిక్స్ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి ఇంకా వెసులుబాటు: ప్రత్యేకించిన 20 ప్రశ్నల్లోంచి 10 అడుగుతారు, 6 చెబితే చాలు. కొత్త పరీక్షలోనూ ఈ సడలింపు కొనసాగుతోంది.

ఇప్పుడు గుంటూరు నుంచి 62 ఏళ్లకు గ్రీన్ కార్డుతో వెళ్లిన తల్లిని ఊహించండి. ఐదేళ్ల తర్వాత 67 ఏళ్లకు దరఖాస్తు అర్హత వస్తుంది. వయసు 65 దాటినా గ్రీన్ కార్డుకు 20 ఏళ్లు కాలేదు, 15 కూడా కాలేదు. కాబట్టి ఆమె ఇంగ్లీషులోనే చదవాలి, రాయాలి, 20 ప్రశ్నల పరీక్షకే కూర్చోవాలి. తెలుగులో చెప్పే వీలు రావాలంటే 77 ఏళ్ల దాకా ఆగాలి. జ్ఞాపకశక్తిని దెబ్బతీసే జబ్బులు, శారీరక, మానసిక వైకల్యం ఉంటే డాక్టరు నింపే ఎన్-648 ఫారంతో మినహాయింపు అడగవచ్చు. పెద్ద వయసు ఒక్కటే, చదువు లేకపోవడం ఒక్కటే అందుకు చాలవు.

దీనికి తోడు ఇండియా ప్రయాణాలు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో భౌతికంగా ఉండాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటితే నివాసం తెగిపోయిందన్న అనుమానానికి తావిచ్చినట్టే. అలా కాదని రుజువులు చూపే భారం దరఖాస్తుదారుడిది. ఏడాది దాటితే సాధారణంగా తెగిపోయినట్టే లెక్క. సంక్రాంతికి వచ్చి దసరా దాకా ఉండిపోయే పెద్దలకు ఈ నిబంధనే పరీక్ష కన్నా ముందు అడ్డొస్తుంది. ఇక హెచ్-1బీ మీద గడిచిన ఏళ్లు, అవి పదిహేనైనా సరే, ఈ ఐదేళ్ల లెక్కలోకి రావు. పౌరుడిని పెళ్లాడి, వారితో కలిసి ఉంటున్నవారికి ఐదు బదులు మూడేళ్లు.

పరీక్షలో నెగ్గినా పడగొట్టేవి

సివిక్స్ జాబితాలో ఫెడరల్ ఎన్నికల్లో ఎవరు ఓటు వేయవచ్చన్న ప్రశ్నకు జవాబు ‘పౌరులు’. ఇది జవాబు మాత్రమే కాదు, హెచ్చరిక కూడా. 1993 నాటి ఓటరు నమోదు చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఫారంలోనే ఓటరు నమోదు గడి ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు పొరపాటున దానికి టిక్కు పెడితే పౌరుడినని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఎన్-400లో ఎప్పుడైనా ఓటు నమోదు చేసుకున్నారా, ఓటేశారా అని సూటిగా అడుగుతారు. పౌరసత్వం రాకపోవడమే కాదు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లగల విషయం ఇది. జ్యూరీ సమన్లు కూడా అంతే. లైసెన్సు జాబితాల నుంచి పేర్లు తీసుకుంటారు గనుక పౌరులు కానివారికీ వస్తాయి. చెత్తబుట్టలో పడేయకుండా ‘పౌరుడిని కాను’ అన్న గడి నింపి తిప్పి పంపాలి.

మగపిల్లలకు మరొకటి. 18 నుంచి 25 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డు ఉన్నవారు సెలెక్టివ్ సర్వీస్‌ (అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే జాబితా)లో నమోదై ఉండాలి. హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల్లో ఉన్నవారికి ఆ బాధ్యత లేదు. కాలేజీ మధ్యలో గ్రీన్ కార్డు వచ్చిన కుర్రాళ్లు ఈ మార్పును గమనించక, 26 దాటాక ఇంటర్వ్యూలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. 2025 ఆగస్టు నుంచి ‘సత్ప్రవర్తన’ను మొత్తంగా బేరీజు వేయాలని అధికారులకు సూచనలు వెళ్లాయి. నేరాలు లేకపోవడంతో సరిపెట్టకుండా పన్నుల చెల్లింపు, కుటుంబ బాధ్యతలు, స్థానిక సమాజంలో పాత్ర కూడా చూస్తారు.

ప్రమాణం తర్వాత

భారతీయులు అమెరికా పౌరులు కావడం ఒకప్పుడు చట్టమే ఒప్పుకోలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ‘శ్వేతజాతీయులు’ కారని తేల్చి తలుపు మూసింది. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టంతో మళ్లీ తెరుచుకుంది. ఆ చట్టం కింద వలసకు అనుమతి ఏడాదికి సుమారు వంద మందికే. నేటి తెలుగు వలసకు దారి వేసింది 1965 నాటి వలస చట్టం.

అమెరికా వైపు ద్వంద్వ పౌరసత్వానికి అడ్డు లేదు. అడ్డు భారత్ వైపు. స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టులో గడువు మిగిలి ఉన్నా దానితో ప్రయాణించకూడదు. దాన్ని అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఆపైన ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) దరఖాస్తు పెట్టుకోవాలి. పొలాల విషయంలో చాలామంది భయపడేంత మార్పు ఉండదు: సాగుభూమి కొనడానికి ఎన్నారైలకూ సాధారణ అనుమతి లేదు, ఓసీఐలకూ లేదు, వారసత్వంగా మాత్రం ఇద్దరికీ రావచ్చు. తేడా పడేది ఓటు దగ్గర. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం సొంతూరి ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకుని, పోలింగ్ రోజు స్వయంగా వస్తే ఓటు వేయవచ్చు. ఓసీఐ కార్డుతో ఆ హక్కు లేదు.